ఉప్పుగాలి, నల్లమట్టి, పాదరక్షలు

చెప్పునైనా బూటునైనా శుభ్రం చేసే ముందు అది దేనితో తయారైందో తెలియాలి. తోలు నీటిని పీల్చుకుని చాలాసేపు దాచుకుంటుంది. గుడ్డ పీల్చుకున్న నీటిని త్వరగా వదిలేస్తుంది. రబ్బరు నీటిని లోపలికి రానివ్వదు. కొన్ని రకాల పాలీయూరిథేన్ అడుగులు గాలిలోని తేమకే ఏళ్ల మీద లోలోపల విరిగిపోతాయి. అందుకే ఒక జతకు మేలు చేసిన పద్ధతి పక్క జతను పాడుచేస్తుంది. గాలిలో తేమ, నేలలో బంక, నీటిలో ఉప్పు కలిసి ఉండే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది.

మూడు నేలలు, మూడు రకాల మురికి

తెనాలి చుట్టుపక్కల పొలాల్లో ఎక్కువగా కనిపించేది నల్లమట్టి. 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణపై కట్టిన ఆనకట్ట, 1957లో దాని స్థానంలోకి వచ్చిన ప్రకాశం బ్యారేజి ఈ పొలాలకు కాలువ నీరు ఇచ్చాయి. వరి ఉన్నన్నాళ్లూ గట్లు, డొంకలు తడిగానే ఉంటాయి. ఈ మట్టిలోని బంక రేణువులు 2 మైక్రోమీటర్లకన్నా చిన్నవి. పలుచని పలకల్లా ఉండే ఈ రేణువులు పొరల మధ్యకు నీటిని తీసుకుని ఉబ్బుతాయి, ఆరితే కుంచించుకుపోతాయి. వేసవిలో పొలం నెర్రెలిచ్చేది ఈ గుణం వల్లనే. బూటుకు అంటిన బురదకూ ఇదే వర్తిస్తుంది. తడిగా ఉండగా రుద్దితే సన్నని రేణువులు గుడ్డ పోగుల మధ్యకు, తోలు రంధ్రాల్లోకి దిగిపోతాయి. ఆరనిస్తే బురద తనంతట తానే బీటలు వారి, బ్రష్ తగలగానే పెళ్లలుగా రాలుతుంది. కాబట్టి మందంగా అంటిన బురదను పుల్లతో గీకేసి, మిగిలిన పలుచని పూతను నీడలో ఆరనిచ్చి దులపడం మేలు.

బాపట్ల వైపు, ముఖ్యంగా 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరం దారిలో, నేల ఇసుకమయం. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ గట్టితనం మోస్ కొలమానంలో 7. అంటే అది మామూలు ఇనుప మేకు మీద కూడా గీత పెట్టగలదు. ఇసుక పడిన బూటును పొడి గుడ్డతో గట్టిగా తుడిస్తే తోలు మీది పలుచని పూత గరుకు కాగితంతో రాసినట్టు మసకబారుతుంది. రెండు బూట్లనూ ఒకదానితో ఒకటి తట్టి, మెత్తని కుచ్చు బ్రష్‌తో దులిపి, కుట్ల సందుల్లోని ఇసుకను ఊది తీసేశాకే గుడ్డ పట్టాలి.

రేపల్లె నుంచి నిజాంపట్నం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు నేలలు, రొయ్యల చెరువులు పెరుగుతాయి. ఈ మూడింటిలో ఉప్పు చేసే హాని వెంటనే కనబడదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని తానే కరిగిపోతుంది. తీరంలో వానాకాలపు రాత్రుల్లో తేమ ఈ హద్దు దాటడం మామూలే. లోపల ఉప్పు మిగిలిన బూటు పగలు ఆరినట్టు కనిపించి, రాత్రికి మళ్లీ చెమ్మగిల్లుతుంది. తోలులో ఉప్పు కరగడం, పలుకులు కట్టడం పదే పదే జరిగితే నారలు పెళుసెక్కుతాయి. లేసు కన్నాల చుట్టూ ఉన్న లోహపు వలయాలు తుప్పు పడతాయి. సముద్రపు నీరు గానీ చెరువు నీరు గానీ తగిలిన పాదరక్షను ముందు మంచినీటితో తుడవాలి. ఆరబెట్టడం ఆ తర్వాతి పని.

తోలు: ప్రోటీన్, నూనె, నీరు

పచ్చి చర్మాన్ని కుళ్లని తోలుగా మార్చే శాస్త్రానికి భారతదేశంలో ప్రధాన కేంద్రం మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ. ఆ సంస్థకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ తెనాలి సమీపంలోని యలవర్రులో 1922లో పుట్టారు. ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, 1971లో దేశంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేల్చివేతలో మరణించారు.

తోలులో ముఖ్య పదార్థం కొలాజెన్ అనే ప్రోటీన్. మూడు పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని తాడులా ఉండే దాని నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. పచ్చి చర్మంలో ఈ నారలు నీటిలో నానితే కుళ్లుతాయి, ఎండితే కర్రలా బిగుసుకుంటాయి. చర్మాన్ని తోలుగా మార్చే ఊనడంలో ఈ నారల మధ్య రసాయన బంధాలు ఏర్పడి అవి స్థిరపడతాయి. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో లందలనే తొట్లలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ రసాలతో చర్మాన్ని ఊనేవారు. కిర్రు చెప్పుల తోలు అలా తయారైందే. ఇప్పటి బూట్ల తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో ఊనినది. చెక్క రసాలతో ఊనిన తోలు తడిగా ఉండగా 70–85 డిగ్రీల వేడికి ముడుచుకుపోతుంది. క్రోమియం తోలు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

ఊనిన తోలులో నారలు ఒకదాని మీద ఒకటి జారడానికి నూనె పట్టిస్తారు. ఆ నూనె ఉన్నంతకాలమే తోలు మెత్తగా వంగుతుంది. తడిసిన తోలును ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టి తొందరగా ఆరబెడితే నీరు పోతూ పోతూ నారలను దగ్గరకు లాగి అతికిస్తుంది. నూనె సమంగా ఉండక పైకి తేలుతుంది. వేడికి అడుగును పట్టి ఉంచిన జిగురు కూడా మెత్తబడుతుంది. ఒక్క పూట ఎండలో ఉంచిన బూటు బిగుసుకుపోయి, వేళ్ల దగ్గర పగిలి, అడుగు నోరు తెరవడానికి కారణం ఇదే. లోపల పాత దినపత్రిక కాగితాలు కుక్కి, రెండు మూడు గంటలకోసారి మారుస్తూ, ఫ్యాను గాలికి నీడలో ఆరబెడితే ఒకటి రెండు రోజులు పట్టినా ఆకారం చెడదు. అడుగు కిందికి కూడా గాలి తగిలేలా బూటును పక్కకు వాల్చి ఉంచాలి.

తోలుకు సహజంగా ఆమ్ల గుణం ఉంటుంది. దాని పీహెచ్ సాధారణంగా 3.5 నుంచి 5 మధ్య. బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి, వంటసోడా క్షార పదార్థాలు. క్షారం తగిలితే నారలు ఉబ్బుతాయి, ఊనిన పదార్థాలు కొంత కరిగి వస్తాయి, నూనె కొట్టుకుపోతుంది. కుంకుడుకాయ రసానికి స్వల్పంగా ఆమ్ల గుణం ఉండడం, దానిలోని సపోనిన్లు జిడ్డును వదిలించడం వల్ల తోలుకు అది సబ్బుకన్నా నయం. రసంలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే మంచినీటి గుడ్డతో మరోసారి తుడిస్తే చాలు. రసానికి గోధుమ రంగు ఉంటుంది కాబట్టి లేత రంగు తోలు మీద ముందుగా కనిపించని చోట పరీక్షించాలి. ఉప్పు మరకలకు ఒక వంతు తెల్ల వెనిగర్‌లో రెండు వంతుల నీరు కలిపి తుడవడం పనిచేస్తుంది.

నూనె, పాలిష్ చేసే పనులు వేరు. నూనె లోపలికి దిగి నారలను మెత్తబరుస్తుంది. పాలిష్ పైన నిలిచి కాపాడుతుంది. డబ్బా పాలిష్‌లో మైనాలు, వాటిని కరిగించే టర్పెంటైన్ లాంటి ద్రావణి, రంగు ఉంటాయి. పూసిన కాసేపటికి ద్రావణి ఆవిరైపోయి మైనం మిగులుతుంది. బ్రష్ రాపిడి వేడికి ఆ మైనం మెత్తబడి ఎగుడుదిగుడులను పూడ్చి నున్నని పొర అవుతుంది. మెరుపు ఆ నునుపు వల్ల వచ్చేదే. దుమ్ము దులపకుండా పాలిష్ వేస్తే దుమ్ము మైనంలో ఇరుక్కుంటుంది. పూర్తిగా ఆరని బూటుకు వేస్తే తేమ లోపలే బందీ అయి బూజుకు చోటిస్తుంది. పోలీసులు, ఎన్‌సీసీ విద్యార్థులు చుక్క చుక్క నీటితో అద్దంలా తీసే మెరుపుకు మైనం చాలా పొరలు కావాలి. అది వంగని ముక్కు భాగానికి, మడమకు మాత్రమే తగినది. వేళ్ల దగ్గర మడత పడే చోట అంత మైనం పేరుకుంటే పగుళ్లిచ్చి తెల్లని గీతలు తేలతాయి.

కిర్రు చెప్పులకు ఆముదం రాయడం పాత అలవాటు. ఆముదం గాలికి గట్టిపడని నూనె. చిక్కగా ఉండి నెమ్మదిగా ఇంకుతుంది. పలుచగా, ఏడాదికి రెండు మూడు సార్లు రాస్తే చెక్క రసాలతో ఊనిన మందపు తోలుకు మేలు చేస్తుంది. మోతాదు మించితే తోలు సాగిపోతుంది, దుమ్మును పట్టుకుంటుంది. నిగనిగలాడే పూత ఉన్న ఆఫీసు బూట్లలోకి ఏ నూనె అయినా సరిగా దిగదు. వాటికి బూట్ల క్రీము చాలు.

మూడు తెల్లపూతలు

వానాకాలం వెళ్లాక అలమరలోంచి తీసిన తోలు బూటు మీద తెల్లని పూత కనిపిస్తే అంతా బూజేనని అనుకోవడం పరిపాటి. నిజానికి ఆ తెలుపు మూడు రకాలు. మూడింటికీ చికిత్స వేరు.

మొదటిది బూజు. ఆస్పర్జిల్లస్, పెనిసిలియం జాతుల శిలీంధ్రాలు గాలిలో తేమ 70 శాతం దాటితే తోలులోని నూనెలు, చెమట, మురికి తింటూ పెరుగుతాయి. ఇది మచ్చలు మచ్చలుగా, నూగుగా, ముక్క వాసనతో ఉంటుంది. తుడిచినా కొద్ది రోజుల్లో మళ్లీ వస్తుంది. బీజాలు ఇంట్లో పరుచుకోకుండా బయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని తుడవాలి. తర్వాత సగం నీరు కలిపిన స్పిరిట్ అద్దిన గుడ్డతో తేలికగా ఒత్తి, గాలికి ఉంచాలి. స్పిరిట్ కొన్ని రంగులను కరిగిస్తుంది కాబట్టి మూలన ఒకసారి పరీక్షించి చూడాలి. తుడిచిన గుడ్డను పారేయాలి.

రెండోది ఉప్పు. చెమటదో, సముద్రపు నీటిదో కావచ్చు. తడి ఎండిన అంచు వెంబడి గీతలా ఉంటుంది. తడి గుడ్డ తగలగానే మాయమై, ఆరాక మళ్లీ తేలుతుంది. దీనికి మంచినీటి తుడుపు, ఆపైన వెనిగర్ నీరు రెండు మూడు విడతలుగా కావాలి.

మూడోది కొవ్వు. తోలులోని గట్టి కొవ్వులు చలికి పైకి తేలి గడ్డకడతాయి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కింద పేరుకుంటుంది. తీరంలో డిసెంబరు, జనవరి రాత్రుల ఉష్ణోగ్రత ఆ హద్దుకు దిగువకే వస్తుంది. అందుకే కొబ్బరినూనె రాసిన చెప్పుల మీద చలికాలంలో తెల్లని పొర కనబడుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రపు గోరువెచ్చని గాలి తగిలితే ఈ తెలుపు కరిగిపోతుంది. బూజు, ఉప్పు కరగవు. పరీక్షకూ చికిత్సకూ ఇదొక్కటే చాలు. వెచ్చబరిచి మెత్తని గుడ్డతో తుడిచేస్తే సరి.

స్వెడ్, నూబక్

తోలు లోపలి వైపును నూగుగా రుద్ది తీసేది స్వెడ్. పైవైపును సన్నగా అరగదీసేది నూబక్. రెండింటికీ రక్షణ పొర లేదు. పాలిష్, నూనె, మైనం ఏది పూసినా నూగు అతుక్కుపోయి నల్లని మచ్చ అవుతుంది. బురదను పూర్తిగా ఎండనిచ్చి, గట్టి కుచ్చు బ్రష్‌తో నూగును ఒకే దిశలో దువ్వాలి. మిగిలిన మరకను పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది. జిడ్డు పడితే టాల్కం పొడి చల్లి రాత్రంతా ఉంచి దులిపితే పొడి జిడ్డును పీల్చుకుంటుంది. నల్లమట్టి బురదలో తిరిగే నెలల్లో వీటిని పక్కన పెట్టడమే సులువైన సంరక్షణ.

గుడ్డ బూట్లు

కాన్వాస్ నూలు గుడ్డ. సెల్యులోజు పోగులు నీటికి, స్వల్ప క్షారానికి తట్టుకుంటాయి కాబట్టి వీటిని ధైర్యంగా ఉతకవచ్చు. లేసులు, లోపలి అట్టలు విడిగా తీసి, ఎండిన మట్టి దులిపి, కొద్దిపాటి డిటర్జెంట్ నీటిలో మెత్తని బ్రష్‌తో రుద్దాలి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే రబ్బరు అడుగును అంటించిన జిగురు దెబ్బతింటుంది.

తెల్ల బూట్లు ఉతికిన తర్వాత పసుపు రంగుకు తిరగడం చాలామందికి అనుభవమే. ప్రధాన కారణం పోగుల్లో మిగిలిన డిటర్జెంట్ క్షారం. నీరు ఆవిరవుతూ దాన్ని పైపొరకు తెస్తుంది, ఎండ దాన్ని పసుపు చేస్తుంది. బోరు నీటిలో ఇనుము ఉంటే మరక ఇంకా ముదురుతుంది. నురగ పూర్తిగా పోయేదాకా జాడించి, చివరి నీటిలో చెంచాడు వెనిగర్ కలిపితే క్షారం విరుగుతుంది. తెల్లని టిష్యూ కాగితం చుట్టి నీడలో ఆరబెడితే పైకి వచ్చే పసుపు కాగితానికే అంటుకుంటుంది. బ్లీచింగ్ ద్రవం తాత్కాలికంగా తెల్లబరిచినా నూలును బలహీనం చేస్తుంది, కొన్ని కృత్రిమ దారాలను పసుపు చేస్తుంది. అచ్చు సిరా అంటుకుంటుంది కాబట్టి తెల్ల బూట్లలో దినపత్రిక కుక్కకూడదు.

రెక్సిన్, స్కూలు బూట్లు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 2020లో మొదలైన విద్యా కానుక కిట్‌లో పుస్తకాలు, యూనిఫాంతోపాటు ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు ఇచ్చారు. పిల్లలు వేసుకునే నల్ల బూట్లలో ఎక్కువ భాగం తోలు కావు. గుడ్డ మీద పీవీసీ గానీ పాలీయూరిథేన్ గానీ పూసిన రెక్సిన్ రకం. దానిలో రంధ్రాలు లేవు, పాలిష్ లోపలికి దిగదు. పూసిన మైనం పైన జిగటగా నిలిచి దుమ్మును పట్టి, చివరికి సాక్సుకు అంటుతుంది. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో తడి తీసేయడమే వీటికి సంరక్షణ. స్పిరిట్, పెట్రోలు, థిన్నర్ పూతను కరిగిస్తాయి.

ఈ బూట్ల కష్టం లోపలి వైపు ఉంటుంది. రెక్సిన్‌లోంచి చెమట ఆవిరి బయటకు పోదు. బడి నుంచి రాగానే బూటు నాలుకను పూర్తిగా బయటకు లాగి, లోపలి అట్ట తీసి గాలికి పెట్టాలి. సాక్సులు రోజూ మార్చి ఉతకాలి.

రబ్బరు, ఫోమ్ అడుగులు

రొయ్యల చెరువుల్లో, పొలాల్లో వాడే గమ్ బూట్లకు నీరు, ఉప్పు పెద్ద శత్రువులు కావు. నూనెలు శత్రువులు. డీజిలు, కిరోసిన్, పెట్రోలు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. ఎండ, గాలిలోని ఓజోను మడతల దగ్గర సన్నని పగుళ్లు తెస్తాయి. చెరువు గట్ల దగ్గర కాళ్లు ముంచే బ్లీచింగ్ నీరు కూడా రబ్బరును క్రమంగా పెళుసు చేస్తుంది. పని ముగిశాక మంచినీటితో లోపలా బయటా కడిగి, తలకిందులుగా నీడలో నిలబెట్టాలి. మడత పెట్టి మూల పడేస్తే మడత దగ్గరే పగులుతుంది.

తేలికపాటి చెప్పుల్లో, క్రీడా బూట్ల మధ్యపొరలో ఉండేది ఈవీఏ ఫోమ్. సబ్బు నీరు దాన్ని ఏమీ చేయదు. కానీ వేడికి కుంచించుకుపోతుంది. ఎండలో నిలిపిన కారులో గానీ డాబా మీద గానీ వదిలేసిన చెప్పులు సైజు తగ్గి, అంచులు పైకి లేస్తాయి. రోహిణి కార్తెలో ఇది మామూలు.

పాలీయూరిథేన్ అడుగు కథ వేరు. దానిలోని ఒక రకంలో ఎస్టర్ బంధాలు ఉంటాయి. గాలిలోని నీటి ఆవిరి ఏళ్ల తరబడి ఆ బంధాలను ఒక్కొక్కటిగా తెంచుతుంది. వేడి, తేమ కలిసిన తీరప్రాంతంలో ఈ చర్య వేగంగా సాగుతుంది. పెళ్లికి కొని పెట్టెలో దాచిన బూట్లు నాలుగైదేళ్ల తర్వాత వేసుకున్న రోజే అడుగు ముక్కలై రాలడానికి కారణం ఇదే. దీనికి మందు లేదు. విరిగిన బంధం జిగురుతో అతకదు. ఇలాంటి బూట్లను అప్పుడప్పుడూ తొడిగి నడిస్తే వాటి స్థితి ముందే తెలుస్తుంది.

వాసన ఎక్కడిది

రెండు పాదాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల స్వేదగ్రంథులు ఉన్నాయి. తాజా చెమటకు వాసన దాదాపు ఉండదు. బాక్టీరియా దానిలోని అమైనో ఆమ్లాలను విరిచి ఐసోవాలెరిక్ ఆమ్లం తయారుచేస్తే ఆ ఘాటు పుడుతుంది. వాసన గల బూట్లు, వాటిని పెట్టే అరలపై శివ్ నాడార్ విశ్వవిద్యాలయానికి చెందిన వికాశ్ కుమార్, సార్థక్ మిత్తల్ చేసిన అధ్యయనానికి 2025లో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. వారు దృష్టి పెట్టినది కైటోకాకస్ సెడెంటేరియస్ అనే బాక్టీరియాపై. బూటు లోపల అతినీలలోహిత కాంతి రెండు మూడు నిమిషాలు ప్రసరిస్తే అది చనిపోతుందని, ఎక్కువసేపు ఉంచితే బూటు మాడుతుందని గమనించారు. ఇంట్లో చేయదగినది బాక్టీరియాకు తేమ దొరకకుండా చూడడం. వంటసోడా పొడి గుడ్డ, ఫోమ్ బూట్లలో ఆమ్లపు వాసనను విరిచేస్తుంది. క్షారం కాబట్టి తోలు బూట్లలో వాడకూడదు.

ముంపు తర్వాత, దాచేటప్పుడు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అలాంటి వరద నీటిలో మునిగిన పాదరక్షల్లో బురద, ఉప్పు, మురుగు మూడూ చేరతాయి. రబ్బరు, ఈవీఏ చెప్పులను సబ్బుతో కడిగి వాడుకోవచ్చు. గుడ్డ బూట్లను రెండు నీళ్లలో ఉతకాలి. తోలు బూట్లను మంచినీటి గుడ్డతో లోపలా బయటా తుడిచి, కాగితాలు మారుస్తూ నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాక పలుచగా క్రీము రాయాలి. లోపలి అట్టలు మురుగు నీరు పీల్చి ఉంటే కొత్తవి వేయడమే ఆరోగ్యకరం.

దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి పనికిరాదు. బూటులో మిగిలిన తేమ అందులోనే తిరుగుతుంది. నూలు సంచి గానీ రంధ్రాలు చేసిన అట్టపెట్టె గానీ మంచిది. సిలికా జెల్ పొట్లాలు తేమతో నిండాక పనిచేయవు. వాటిని మధ్యమధ్య వేడిచేసి ఆరబెడితే మళ్లీ ఉపయోగపడతాయి. బూట్ల అరను నేలకు, గోడకు కాస్త ఎడంగా పెట్టాలి.

రోజంతా తొడిగిన తోలు బూటు లోపలి తేమ పూర్తిగా పోవడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అందువల్ల డెల్టా వాతావరణంలో ఒక్క ఖరీదైన జతను రోజూ తొడగడంకన్నా, రెండు మామూలు జతలను రోజు విడిచి రోజు వేసుకోవడం లాభం. ఇంటికి రాగానే దులపడం, తుడవడం, గాలికి పెట్టడం అలవాటైతే మిగిలిన సంరక్షణ నెలకొకసారి చేసినా సరిపోతుంది.